పిలకాయలూ, యాడుండారు?

కెమెరా వెనక నిలబడేవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు. గురవమ్మవ్వ గురించి కూడా నన్నెవరూ అడగలేదు. ఇప్పుడు తిరుపతిలో ఆమె పేరెత్తితే కొర్లగుంటలో నలుగురో అయిదుగురో "ఆ, కేబుల్లో కత చెప్పే అవ్వ గదా" అంటారేమో, అంతే. అడగకపోయినా చెబుతున్నాను. ఆమె విషయంలో నేనొక తప్పు చేశాను. మంచి పని అనుకునే చేశాను, అదే నా ఏడుపు.

నా పేరు మునికృష్ణ. పెళ్ళిళ్ళకు వీడియోలు తీసేవాణ్ణి. తొంభై ఆరులో రఘునాథ్ అన్న బైరాగిపట్టెడలో కేబుల్ ఆఫీసు పెట్టి, సైకిల్ షాపు మీది గదిలో సొంత ఛానల్ కూడా మొదలుపెట్టి, నన్ను కెమెరాకు పెట్టుకున్నాడు. సొంత ఛానల్ అంటే ఏదేదో ఊహించుకోకండి. ఒక గది, ఒక కెమెరా, రెండు లైట్లు, గోడకు కట్టిన నీలం దుప్పటి. రోజంతా సినిమాలు, మధ్యలో చీరల కొట్ల ప్రకటనలు. ఆదివారం సాయంత్రం ఏం వెయ్యాలో మాత్రం మా ఇద్దరికీ తోచేది కాదు.

మరుసటి ఏడు ఆగస్టు పదిహేనుకు కొర్లగుంట బాలవాడిలో జెండా పండగ తీయడానికి పోయాను. వస్తానన్న పెద్దమనిషి రెండు గంటలైనా రాలేదు. ఎండలో కూర్చోబెట్టిన అరవై మంది పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. టీచరమ్మ బెత్తం పట్టుకుని అరుస్తోంది. అప్పుడు వంటగదిలోంచి ఆయా బయటికొచ్చింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ, "పిలకాయలూ, యాడుండారు?" అని ఒక్క కేక వేసి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఈడుండాం" అన్నాయి కొన్ని గొంతులు.

"యాడా? నాకు కనపళ్ళేదే."

"ఈడుండాం అవ్వా" అన్నారు అరవై మందీ.

ఏడుపు ఆగిపోయింది. పెద్దమనిషి వచ్చేదాకా ఆమె ఒక నక్క కథ చెప్పింది. నేను జెండాను వదిలేసి ఆమెనే తీశాను.

ఆ ఆయానే గురవమ్మ. కాణిపాకం దగ్గర పల్లె ఆమెది. పదిహేనేళ్ళకే మునెయ్యను చేసుకుని తిరుపతి వచ్చింది. ఆ మునెయ్య లారీ పనికని మదరాసు పోయి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఈమె బాలవాడిలో చేరి ఇరవై ఎనిమిదేళ్ళు ఊరి పిల్లల ముక్కులు తుడిచింది. సొంత పిల్లలు లేరు. ఆ మాటకు ఎవరైనా అయ్యో అంటే ఆమెకు ఒళ్ళు మండేది. "ఎందుకప్పా అయ్యో? దినామూ అరవై మందికి అన్నం పెడతా ఉండా. నీకెంతమంది?" అనేది.

రఘునాథ్ అన్న ఆ టేపు చూసి పడీ పడీ నవ్వాడు. ఆదివారం అయిదు గంటలకు అరగంట ఇచ్చాడు. "గురవమ్మవ్వ కతలు" అని పేరు పెట్టాం. రికార్డు చేసి కత్తిరించే ఓపిక నాకు లేదు కాబట్టి నేరుగా వదిలేవాళ్ళం. ప్రతి వారం ఒక పలక మీద సుద్దముక్కతో నేనే పేరు రాసి, దాన్ని చూపించి మొదలుపెట్టేవాణ్ణి. నా రాతంటే ఆమెకు వేళాకోళం. "ఏందప్పా నీ కొమ్ములు? మేకతోకల మాదిరి పైకి లేస్తా ఉండాయి" అనేది. గు, లు అని రాసినప్పుడల్లా నా కొమ్ము చివర పైకి ఎగురుతుంది. ఎంత దిద్దుకున్నా పోలేదు.

మొదటి ఆదివారం ఆమె నీలం దుప్పటి ముందు కూర్చుని, "పిలకాయలూ, యాడుండారు?" అని చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఊరుకుంది. మాట లేదు, పలుకు లేదు. పది సెకన్లు. టీవీలో పది సెకన్లు మౌనంగా ఉండటమంటే ఆషామాషీ కాదు. నాకు చెమటలు పట్టాయి. అంతలో కిటికీలోంచి వినబడింది. కింద సందులో ఏదో ఇంట్లోంచి, "ఈడుండాం". పక్కింట్లోంచి ఇంకొకటి. ఆమె నవ్వి కథ మొదలుపెట్టింది.

ఆ తర్వాత రెండు మూడేళ్ళు చూడాలి ఆ వైభోగం. ఆదివారం అయిదింటికి కొర్లగుంటలో నడిచిపోతుంటే ఇంటింటి నుంచీ ఆ కేక వినబడేది. ఒక బడి నుంచి పంతులుగారొకాయన మెట్లెక్కి వచ్చి కొట్లాడాడు. హాజరు పిలిస్తే పిల్లలు "ప్రెజెంట్ సార్" అనడం మానేసి "ఈడుండా సార్" అంటున్నారట. "తెలుగంతా నాశనం చేస్తోంది ఈమె" అన్నాడు. అవ్వ ఆయనకు మంచినీళ్ళిచ్చి, "మీ నాయన మిమ్మల్ని పిలిస్తే ఏమని పలికినారు సార్, చిన్నప్పుడు?" అని అడిగింది. ఆయన నీళ్ళు తాగి మెట్లు దిగాడు. వారం వారం కార్డులు వచ్చేవి. వంకర అక్షరాలతో, "ఈడుండాం అవ్వా" అని.

ఎప్పుడు తగ్గిందో తేదీ చెప్పలేను. పెద్ద ఛానళ్ళు కూడా మొదట్లో పిల్లలకని కథలు చెప్పేవి, బొమ్మలు చేసి చూపించేవి. ఒక్కొక్కటీ ఎత్తేశారు. సబ్బు కొనేది పిల్లలు కాదు గదా, వాళ్ళమ్మలు. అమ్మలకు సీరియళ్ళు వేశారు. పిల్లల కార్యక్రమమంటే ఆరేళ్ళ పిల్లకు మూతికి రంగు పూసి, సినిమా పాటకు నడుము తిప్పించడం అయింది. చూస్తే నాకు మంట. కానీ రఘునాథ్ అన్న చెప్పాడని మా ఛానల్లోనూ అలాంటిది నేనే తీశాను. నీతులు చెప్పే అర్హత నాకు లేదులెండి.

కిటికీలోంచి వచ్చే కేకలు తగ్గుతూ వచ్చాయి. నాలుగు, రెండు, ఒకటి. రెండు వేల మూడులో ఒక ఆదివారం అవ్వ చెయ్యి పెట్టుకుని కూర్చుంటే, కింద సైకిల్ షాపులో టైరుకు గాలి కొట్టే చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఆమె అలాగే పది సెకన్లూ ఆగింది. తర్వాత వారం కూడా ఆగింది. "ఆ ఆగేది కొంచెం తగ్గించవ్వా" అన్నాను. "పలికేదానికి ముందే మనం మాట్లాడేస్తే పిలకాయ ఏమనుకుంటాడప్పా" అంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు, ఆమెతో ఏం వాదిస్తాం. కెమెరాలోంచి ఆ ముఖం చూడలేక నేను కిటికీ వైపు చూసేవాణ్ణి.

బాలవాడి ఉద్యోగం అప్పటికే అయిపోయింది. కొర్లగుంటలో ఒంటి గది. వారంలో ఆరు రోజులు ఆమెకు మాట్లాడే మనిషి లేడు. ఏడో రోజు కెమెరాతో మాట్లాడేది. అది కూడా పోతే ఆమె ఏమవుతుందో నాకు తెలుసు.

ఒకరోజు రఘునాథ్ అన్న ఆమెను కూర్చోబెట్టి చెప్పాడు. చెడ్డవాడు కాదాయన, వ్యాపారం చేసేవాడు.

"అవ్వా, తప్పుగా అనుకోవద్దు. ఆ టైము ఇళ్ళ ప్లాట్లు అమ్మేవోళ్ళు అడగతా ఉండారు."

"నా పిలకాయలు సూస్తా ఉండార్లేప్పా."

"సూస్తా ఉంటే కార్డులు యాడ అవ్వా? ఒక పని చేద్దాం. రెండు వారాల్లో ఇరవై కార్డులు వస్తే టైము నీదే. రాకపోతే ప్లాట్లకు ఇచ్చేస్తా."

ఆ ఆదివారం ఆమె కథ చెప్పాక, "ఈసారి కేక వెయ్యద్దండి నాయనా. కార్డు రాయండి. యాడుండారో రాయండి సాలు" అంది.

మొదటి వారం ఒక్క కార్డూ రాలేదు. నాకు నిద్ర పట్టలేదు. రెండో వారం ఏర్పేడులో పెళ్ళి వీడియో ఒప్పుకున్నాను. ఆ ఏడే మా వైరు ఏర్పేడు దాకా లాగారు. పెళ్ళి భోజనాలవుతుంటే పోస్టాఫీసుకు పోయి కార్డొకటి కొన్నాను. ఒక్క కార్డు చూసినా ఆమె ప్రాణం కుదుటపడుతుందనుకున్నాను. ఇప్పటి పిల్లలు మనలాగా యాసలో రాయరని తెలిసినవాణ్ణి గనక, పెద్ద తెలివిగా, "అవ్వా, నేను ఇక్కడే ఉన్నాను. మీ కథలు చూస్తున్నాను" అని వంకరటింకరగా రాసి, కింద "వంశీ, అయిదో తరగతి, ఏర్పేడు" అని పెట్టి డబ్బాలో వేశాను.

శుక్రవారం పోస్టుమన్ ఇరవై ఒక్క కార్డులు తెచ్చాడు.

నేను ఎగిరి గంతెయ్యలేదు గానీ, వేసినంత పనయింది. అవ్వకు కబురు పెట్టాను. రఘునాథ్ అన్న కార్డులు బల్ల మీద పరచి ఒక్కొక్కటే చదివాడు. నాలుగో దాని దగ్గర ఆగాడు. మిగతావి గబగబా తిప్పాడు.

"ఈడుండాం అవ్వా. ఈడుండాం అవ్వా. అన్నీ ఇదే మాట" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. "మొన్న మా భానుశ్రీని, యాడికి పోతా ఉండావు పాపా అంటే, 'యాడికి కాదు నాన్నా, ఎక్కడికి' అని నన్నే దిద్దింది. ఇప్పటి పిలకాయ ఒకడన్నా ఈడుండాం అని రాస్తాడా అవ్వా?"

అవ్వ తల దించుకుంది. ఆమె తల దించుకోవడం నేను చూడటం అదే మొదలు.

"నేనే రాసినాప్పా" అంది. "ఇరవయ్యే రాసినా. అదొకటి నాది కాదు" అని వేలు పెట్టి చూపించింది.

రఘునాథ్ అన్న ఆ కార్డు చేతికి తీసుకున్నాడు. "ఇది నిజంగా పిలకాయ రాసిందే. వంశీ, ఏర్పేడు" అన్నాడు. నేను దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. ఇది కూడా దొంగదే అంటే ఆమెకు ఆ ఒక్కటీ మిగలదు.

"ఒక పిలకాయ కోసం అరగంట యాడిచ్చేది అవ్వా?" అన్నాడాయన.

ఆమె బతిమాలలేదు. "ఆ కార్డు నాకియ్యప్పా" అంది, అంతే. కార్డు రవికలో పెట్టుకుని మెట్లు దిగిపోయింది. ఆ ఆదివారం అయిదింటికి ప్లాట్ల ప్రకటన వేశాం. వెయ్యమన్నవాడు ఆయన, వేసినవాణ్ణి నేను.

మంగళవారం ఆ పలకైనా ఇచ్చివద్దామని కొర్లగుంటకు పోయాను. గదికి తాళం. పక్కింటి అమల బట్టలారేస్తోంది.

"అవ్వ పొద్దున్నే ఏర్పేడుకు పోయిందన్నా. ఆడెవరో పిల్లోడు కార్డు రాసినాడంట. రాత్రి కూర్చోని వాడికి బొరుగుల ఉండలు చేసింది" అంది.

లేని పిల్లవాడి కోసం అరవై ఏళ్ళ మనిషి ఎండలో తిరుగుతోంది. నేరుగా బస్టాండుకు పోయి, పలక చంకలో పెట్టుకుని శ్రీకాళహస్తి నుంచి ఏర్పేడు మీదుగా వచ్చే ప్రతి బస్సూ చూశాను. అయిదున్నరకు దిగింది. చేతిలో సంచి. సంచి నిండుగానే ఉంది.

"కనపడినాడా అవ్వా?" అన్నాను. అడక్కుండా ఉండలేకపోయాను.

"బడికి పోయినా. అయిదో తరగతిలో వంశీలు ముగ్గురుండారు" అంది. "ముగ్గురూ నన్ను ఎప్పుడూ సూళ్ళేదన్నారు. వాళ్ళు సూసేది బొమ్మల ఛానలంట. ఒకడు, 'మీరెవరండీ' అన్నాడు."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెప్పేద్దామనుకున్నాను.

"వచ్చేటప్పుడు బస్సులో కార్డు తీసి మళ్ళీ సూసినా. అప్పుడు కనపడినాడప్పా" అంది. సంచిలోంచి బొరుగుల ఉండల పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. "మంచి పిలకాయ. సిగ్గెక్కువ. వాడి కొమ్ములు గూడా మేకతోకలే."

నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. ఆదివారం కెమెరా ముందు ఆగినట్టే ఆగింది. పది సెకన్లుంటుంది. "ఈడుండా అవ్వా" అన్న మాట నా గొంతు దాకా వచ్చింది. ముప్పై అయిదేళ్ళ మగవాణ్ణి, బస్టాండు నిండా జనం, సిగ్గేసింది.

"ఆటో పిలిచేదా అవ్వా?" అన్నాను.

"వద్దులేప్పా, నడిచి పోతా" అని ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని, కొర్లగుంట దారి పట్టింది.