ఉల్లిపాయల కింద మందుల పెట్టెలు

యుద్ధం మొదలైన మూడో రోజు ఉదయం ఐదూ నలభైకి, సరకు ఎక్కించే ఉద్యోగం మీద నేవీ సరకు ఓడ ఎక్కాను. ఉక్కపోత. లైఫ్ జాకెట్, హెల్మెట్, తోలు గ్లౌజులు ఇచ్చారు. ఫోన్ తీసేసుకున్నారు. శ్రీకాకుళం టౌన్లో అది చేతిలో లేకుండా అన్నం కూడా తినేవాణ్ణి కాదు. ఒళ్లు మండిపోయింది.

మా పని నడిసముద్రంలో యుద్ధనౌకలకు సరకు అందించడం. డెక్ మీద పనివాళ్లందరికీ పైవాడు బోసన్. కళింగపట్నంలో చేపల వేట చేసే ఇంటి మనిషి. లోడింగుకి ముందు ఒకటే మాట చెప్పాడు.

"ముందు దిగీది ఆకర్న ఎక్కాల. మందులు పైనుండాల. తెలిసిందేటి?"

తెలిసింది. సరకు లిస్టు నా చేతిలోనే ఉంది. కానీ ఫోన్ లాక్కున్న కోపంలో దాన్ని సరిగ్గా చూడలేదు. నాలుగు మందుల పెట్టెలు అడుగున పెట్టించి, వాటిమీద అరవై ఉల్లిపాయల బస్తాలు పేర్పించాను.

మర్నాడు మధ్యాహ్నం రెండూ పది. గాలి జోరు. ఒక యుద్ధనౌక పక్కకొచ్చింది. రెండు ఓడల మధ్య తాడు బిగించాం. ఆ తాడున్నంతసేపూ ఎవరూ పక్కకు తప్పుకోలేరు. శత్రువుకి సులువైన గురి. నలభై నిమిషాలే టైం. అవతల్నుంచి రేడియో పలికింది.

"ఇంజన్ రూములో ఒకడికి ఒళ్లు కాలింది. మా దగ్గర మందు అయిపోయింది. ముందు అదే పంపండి."

బోసన్‌కి జరిగింది చెప్పేశాను.

"ఒరే, కోపం నీది, కాలింది ఆడి ఒళ్లురా!" అన్నాడు. అంతకుమించి తిట్టడానికి టైం లేదు.

పన్నెండు మందిని వరసగా నిలబెట్టాడు. ఓడ ఊగుతోంది. బస్తా ఎత్తినవాడు బస్తాతోనే పడుతున్నాడు. అప్పుడాయన వల లాగేటప్పటి కేక అందుకున్నాడు. "ఐలేసా!" బస్తా వెళ్లే వైపు ఓడ ఒరిగినప్పుడే కేక, కేకతోపాటే బస్తా. తెలుగు ముక్క రాని పంజాబీ వంటవాడు కూడా గొంతు కలిపాడు.

"ఏట్రా, పెళ్లికొచ్చినావా? ఒంగు!" అని నా మీద అరిచాడు బోసన్.

పెట్టెలు బయటపడేసరికి ముప్పై ఒక్క నిమిషాలు అయిపోయాయి. వాటిని తాడుకి కట్టి అవతలికి వదిలాను. మిగిలిన టైంలో కొన్ని ఉల్లిపాయల బస్తాలూ వెళ్లాయి.

సాయంత్రం రేడియోలో అన్నారు: "మావాడు కళ్లు తెరిచాడు. మంచినీళ్లడిగాడు. మీ ఉల్లిపాయలతో పకోడీ వేసుకుంటున్నాం."

"మాకూ రెండు దాసండి!" అన్నాడు బోసన్. నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి.

ఓడ ఎక్కిన ఇరవై మూడు రోజులకు, ఇంటికని ఆమదాలవలస స్టేషన్లో దిగాను. ఇప్పుడు నేవీ ఉద్యోగం కూడా ముగిసింది. కానీ అవతలి ఓడ డాక్టరు నా కళ్లముందునుంచి పోడు. ఆ రోజు మొదటి పెట్టెను తాడు నుంచి విప్పి, పసిపిల్లలా గుండెకి హత్తుకుని, తడి డెక్ మీద పరుగెత్తాడు. ఒక కాలి బూటు ఊడి అక్కడే ఉండిపోయింది. వెనక్కి చూడలేదు.