మూఢంలో నడిచిన గుర్రం

చిన్నకోడూరు చుట్టుపక్కల పెళ్లిళ్లకు మా బాపు గుర్రం తిప్పుతాడు. వరుణ్ణి ఊరేగించే తెల్లటి ఆడగుర్రం. నేను పక్కింట్లోనే కుట్టుమిషన్ పెట్టుకుని ఉంటాను. మా ఆయన భీవండిలో మగ్గాల మీద పనిచేస్తాడు. గుర్రానికి మేత, నీళ్లు నా వంతు, కళ్లెం బాపు వంతు.

మూఢం వచ్చిందంటే ముహూర్తాలుండవు. పెళ్లిళ్ల సీజనంతా కష్టపడింది కదా అని ఆ రోజుల్లో బాపు దాన్ని కొట్టంలో కురచ తాడుతో కట్టేసి, ఉలవలు పెట్టి, అడుగు కదలనిచ్చేవాడు కాదు. అదంతా ప్రేమే. నేనూ అట్లాగే అనుకున్నాను.

ఆ యేడు మూఢం సగం గడిచాక ఒక పొద్దున నీళ్లు పెడదామని పోతే, దాని వెనక ఎడమ కాలు వెనక్కి చాచుకుని కర్రలాగా బిగుసుకుపోయి ఉంది. మడుద్దామంటే రావడం లేదు. డెక్క కొస నేల మీద ఈడుస్తోంది. కళ్లు పెద్దవి చేసి నా వైపే చూసింది. నా ప్రాణం పోయినంత పనైంది. బాపూ నేనూ కలిసి తాడు పట్టి ముందుకు గుంజాం. అదే మేం చేసిన పెద్ద తప్పు. పాపం, పడబోయి గోడకు ఆనుకుంది.

"వాత పెడితే సక్కగైతది," అంటూ బాపు కొడవలి తెచ్చి పొయ్యిలో పెట్టాడు. ఎద్దు కుంటినా బర్రె కుంటినా మావాళ్లకు ముందు గుర్తొచ్చే మందు అదే.

నాకు ఒళ్లు మండిపోయింది. వెళ్లి గుర్రానికి అడ్డం నిలబడ్డాను. "ముందుగాల నాకు పెట్టు, ఆనెంక దానికి పెడుదువు."

"నీకేం తెలుస్తదే? నలబై ఏండ్ల సంది గుర్రాలను సూస్తున్న నేను."

"గంత తెలిసినోనివైతే గిట్లెందుకైంది మరి?"

అనకూడని మాటే. అనేశాను. బాపు పొయ్యిలోంచి కొడవలి తీసి వాకిట్లోకి విసిరేశాడు.

పశువుల దవాఖాన నుంచి డాక్టరమ్మ స్కూటీ మీద వచ్చింది. "నేను సూసేటియన్ని బర్లు, గొర్లే. మాకు చదువు చెప్పిన సార్‌ను అడుగుత ఆగున్రి," అని దాపరికం లేకుండా చెప్పి, ఫోన్‌లో చాలాసేపు మాట్లాడింది. తర్వాత గుర్రం రొమ్ము మీద అరచెయ్యి పెట్టి మెల్లగా వెనక్కి నెట్టింది. అది ఒక్క అడుగు వెనక్కి వేసిందో లేదో, టక్కుమని చప్పుడైంది. కాలు మడిచింది!

"ఓరి నాయినో!" అన్నాడు బాపు.

"మోకాలి చిప్ప పైకెక్కి ఎముకకు తగులుకుంటుంది. తొడ కండ సన్నబడ్డది సూడున్రి, అందుకే గిట్లయితుంది. కట్టేసి ఎన్ని దినాలైంది?"

"నెల దాటింది. మంచిగ రెస్టిచ్చినమమ్మా."

"గా రెస్టే దీని రోగం, పెద్దాయనా."

రోజూ నడిపించాలంది. మొదట తిన్నటి దారిలో, కాస్త బలం వచ్చాక ఎత్తు మీదికి. గిరగిర తిప్పొద్దు, డెక్కలు సమంగా చెక్కించాలి, కురచ తాడు విప్పెయ్యాలి. వాపు గానీ వేడి గానీ కనిపిస్తే నడక ఆపి తనకు ఫోన్ చెయ్యాలి. ఆపరేషన్ ఉంది గానీ అది ఆఖరి మాట అంది.

బాపు పట్టిన కుందేటికి మూడే కాళ్లు. డాక్టరమ్మ అటు పోగానే తేల్చేశాడు: "మూఢం ఎల్లినంక మొదటి పెండ్లి సూస్త. గాడ కాలు పట్టుకున్నదా, అమ్మేస్త. మందిల పెండ్లికొడుకును కింద పడేస్తే మనల్ని మల్ల ఎవ్వడు పిలుస్తడు?" ఆయనన్నది అబద్ధం కాదు. కానీ కుంటి గుర్రాన్ని కొనేవాడు దాన్ని పూలతో అలంకరిస్తాడా? బరువులు మోయించి చంపుతాడు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

మర్నాటి నుంచి నేనే పగ్గం పట్టాను. పెరడు చుట్టూ కంచె వేయించి దాన్ని విడిచిపెట్టాను. పడుకుని లేచేటప్పుడు జారకుండా వరిగడ్డి మందంగా పరిచాను. పొద్దున రోడ్డెక్కితే చాయ్ హోటల్ దగ్గర కూర్చున్నవాళ్లకు నేనే తమాషా.

"ఏందక్కా, గుర్రమొచ్చింది, పెండ్లికొడుకేడి?"

"భీవండిల ఉన్నడు. పిలువాల్నా?"

మొదటి వారం మూడుసార్లు కాలు పట్టుకుంది. పట్టుకున్నప్పుడల్లా రొమ్ము మీద చెయ్యి పెట్టి ఒక అడుగు వెనక్కి వేయించేదాన్ని. తర్వాత తర్వాత తగ్గింది. మూఢం పోయేనాటికి గుట్ట దారి ఆగకుండా ఎక్కుతోంది, రొప్పేది నేనే. తొడ మీద చెయ్యి వేస్తే కండ గట్టిగా తగిలేది.

మొదటి పెళ్లి ప్రజ్ఞాపూర్‌లో తగిలింది. బ్యాండు ఊపందుకోగానే వరుడి మేనమామ అరిచాడు, "గుర్రాన్ని ఆడియ్యున్రి!" అన్నేళ్లూ దాన్ని అక్కడికక్కడే తిప్పి తిప్పి ఆడించిన మనిషి మా బాపు. నా వైపు చూశాడు. నేనూ కళ్లు తిప్పకుండా చూశాను.

"ఇది ఆడదు సారూ, నడుస్తది," అన్నాడు. మేనమామ మూతి ముడుచుకున్నాడు. గుర్రం మాత్రం తలెత్తుకుని నడిచింది.

ఫంక్షన్ హాలు గేటు దగ్గర చిక్కొచ్చింది. ఎదురుకోళ్లకు ఆడపిల్లవాళ్లు ఇంకా తయారుకాలేదట. వరుడు గుర్రం దిగలేదు, ఎండలో అట్లాగే నిలబడ్డాం. కదలకుండా ఎక్కువసేపు నిలబడితేనే ఆ చిప్ప తగులుకునేది. అంతలో అది వెనక కుడికాలు, మంచి కాలు, కొద్దిగా ముడుచుకుని, వరుడి బరువంతా ఎడమ కాలి మీద వేసి హాయిగా నిలబడింది. ఇన్ని వారాలూ ఆ కాలి మీద అట్లా నిలబడనేలేదు.

బాపు ముఖం పాలిపోయింది. "బిడ్డా, పట్టుకుంటదే," అన్నాడు గొంతు తగ్గించి.

గేటు తెరిచారు. డప్పులు మోగాయి. అలవాటుగా దాని రొమ్ము మీద చెయ్యి పెట్టాను, వెనక్కి నెడదామని. నెట్టలేదు. చెయ్యి తీసేసి "పా తల్లీ" అన్నాను. ఎడమ కాలు మెత్తగా మడిచి, ముందుకు వేసి, వరుణ్ణి తీసుకుని లోపలికి నడిచింది. నేను అంతమందిలో సిగ్గులేకుండా భోరున ఏడ్చాను. గెలిచాం!

డప్పుల మోతలో బాపు అరిచాడు, "వచ్చే మూఢం నేనే నడిపిస్త, నువ్వు నీ మిషన్ కుట్టుకో!"

"నేనిస్తే గద!" అని నేనూ అరిచాను.