ఎడమ చెవి వెనక తెల్ల పువ్వు

శనివారం మధ్యాహ్నం 2 గంటల 17 నిమిషాలు. ట్రాయ్‌లోని మా అపార్ట్‌మెంట్ నుంచి డెట్రాయిట్‌లోని ఆ చిన్న మ్యూజియం 21 మైళ్లు. గోడ మీది చిత్రానికీ ఫోన్‌కూ మధ్య దూరం సుమారు ఎనిమిది అడుగులు. ఈ అంకెలు ముందే రాస్తున్నాను. ఆ తరవాత జరిగినదాన్ని కొలవడం నా వల్ల కాలేదు.

దెయ్యాలనూ ఆత్మలనూ నేను ఏనాడూ నమ్మలేదు. కారు విడిభాగాల కొలతలు సరిచూడటం నా ఉద్యోగం. మూడుసార్లు కొలిచి, మూడూ సరిపోతే తప్ప ఏ రీడింగ్‌నూ రికార్డులోకి ఎక్కించను.

నా భర్త రఘు చనిపోయి అప్పటికి ఇరవై నెలలు. బతికున్నప్పుడు ప్రతి శుక్రవారం ఇండియన్ స్టోర్‌లో ఫాయిల్‌లో చుట్టి అమ్మే మల్లెలు ఒక మూర తెచ్చేవాడు. ఆ మూరను కత్తెరతో సగానికి కత్తిరించి, ఒక ముక్క నాకు, ఇంకొకటి మా అమ్మాయి మహికి ఇచ్చేవాడు. తన ముక్కే చిన్నదని మహి అతనితో తగువాడేది. అతను పోయాక ఒకసారి గుడిలో మాకు తెలిసిన పెద్దావిడ రమణిగారు అందరికీ పూలు పంచుతూ, పళ్లెంతో నా ముందు ఒక్క క్షణం ఆగారు. నేనే తల అడ్డంగా ఊపాను. ఆ రోజు నుంచి మహి కూడా పూలు మానేసింది.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి మహి డాన్స్ స్కూల్ వార్షికోత్సవం. జడలో పూలు లేకుండా స్టేజ్ ఎక్కనివ్వనని టీచర్ స్పష్టంగా చెప్పారు. పన్నెండేళ్ల మా పిల్ల వారం రోజులుగా ఒకటే మాట మీద ఉంది.

“నువ్వు పెట్టుకోకపోతే నాకూ వద్దమ్మా. టీచర్‌కి నేనే చెప్తా. ఐ డోంట్ కేర్.”

మూడేళ్ల సాధన. నేను పూలు పెట్టుకోలేకపోయాను, దాన్ని ఒప్పించనూ లేకపోయాను.

ముందు రోజు, ఆ శనివారం, మహి ఆర్ట్ క్లాస్ పని మీద మ్యూజియంకి వెళ్లాం. నచ్చిన చిత్రాన్ని ఎంచుకుని, దాన్ని చూసి బొమ్మ వేయాలి. మహి ఎంచుకున్నది నూరేళ్లకు ముందు ఒక ఫ్రెంచ్ చిత్రకారుడు పసిఫిక్ దీవుల్లో వేసినది. గులాబీరంగు ఇసుక మీద ఇద్దరు ఆడవాళ్లు. ఊదారంగు నీడలు. పట్టీలు పట్టీలుగా సముద్రం. ఒకామె వంగి పండు కోస్తోంది. ఎర్రగుడ్డ కట్టుకున్న రెండో ఆమె నేరుగా మనవైపే చూస్తోంది. ఆమె కుడి చెవి వెనక, అంటే చూసేవారికి ఎడమపక్కన, ఒక తెల్ల పువ్వు.

అక్కడి గార్డు ఒక పెద్దాయన. ఒకప్పుడు నేవీలో ఉండి ఆ దీవులు చూశాడట. కుడి చెవి వెనక పువ్వు ఉంటే ఆమె ఒంటరిదనీ, ఎడమ చెవి వెనక ఉంటే ఆమెకు తోడున్నట్టనీ మాకు చెప్పాడు.

“అయితే ఆవిడ కూడా నీలాగే,” అంది మహి. “బట్, పువ్వు పెట్టుకుంది కదా?”

నన్ను చిత్రం పక్కన నిలబెట్టి వాళ్ల నాన్న పాత ఫోన్‌తో ఫొటో తీసింది. ఒక్కటే.

సాయంత్రం 5 గంటల 40కి దాన్ని లాప్‌టాప్‌లోకి కాపీ చేశాను. ఫొటోలో పువ్వు ఆమె ఎడమ చెవి వెనక ఉంది.

అద్దంలోలాగా ఫొటో తిరగబడిందనుకున్నాను. కానీ చిత్రం పక్కన గోడకున్న పేరు పలక అక్షరాలు సరిగ్గానే చదవగలిగాను. నా గడియారం నా ఎడమచేతికే ఉంది. పండు కోస్తున్న ఆమె ఉన్న చోటే ఉంది. 2:17 తరవాత ఎవరైనా ఆ ఫొటోను మార్చిన జాడ ఫైల్‌లో లేదు. మారింది పువ్వొక్కటే.

మహి తెర దగ్గరికి వంగి ఆ పువ్వు మీద వేలు పెట్టింది. “నాన్న ఫోన్ కదా,” అంది, అంతకు మించి చెప్పాల్సింది లేనట్టు.

ఆదివారం పదింటికి మ్యూజియం తెరవగానే మళ్లీ అక్కడున్నాం. పువ్వు కుడి చెవి వెనకే ఉంది. అదే ఫోన్‌తో, అదే దూరం నుంచి మూడు ఫొటోలు తీశాను. మూడింటిలోనూ కుడివైపే. మూడోది తీశాక ఫోన్ ఆగిపోయింది. ఎన్నిసార్లు చార్జింగ్‌లో పెట్టినా మళ్లీ వెలగలేదు.

ఉద్యోగంలో అయితే మూడింటితో సరిపోని ఆ మొదటి రీడింగ్‌ను కొట్టేసేదాన్ని. దాన్ని కొట్టేయలేకపోయాను.

తిరిగి వస్తూ ఇండియన్ స్టోర్ దగ్గర కారు ఆపాను. ఇంటికి వచ్చి మూర మల్లెలను కత్తెరతో సగానికి కత్తిరించాను.

“నాది చిన్నది,” అంది మహి, ఇరవై నెలల తరవాత.

సాయంత్రం వార్షికోత్సవం హాల్లో రమణిగారు నా వెనక వరసలో కూర్చున్నారు. కాసేపటికి నా భుజం మీద చెయ్యి వేశారు. “జారిపోతోందమ్మా, కదలకు,” అని తన జడలోని పిన్ను తీసి నా పూలకు గుచ్చారు. అప్పటికే స్టేజ్ మీద మహి గజ్జెల చప్పుడు మొదలైంది.

ఆ ఫొటో ఇప్పటికీ నా లాప్‌టాప్‌లో ఉంది. కారణం ఇప్పటికీ తెలియదు. తెలిసినంత వరకు లెక్క ఇది: రెండు రాకపోకలకు 84 మైళ్లు. తిరిగి ఇవ్వని పిన్ను ఒకటి. మర్నాటికి వాడిపోయిన మల్లెలు ఒక మూర. పాడైన ఫోన్ ఒకటి. పోయిన మనిషి ఒక్కడు.