మూడుసార్లు చదవాల్సిన కబురు

కసియానా నోసా చదువు అయిదో తరగతి దాకానే. అయినా మమోరే నది పొడవునా ఆమె గొంతు తెలియని మనిషి లేడు. ఫోన్లు అందని ఎగువ పల్లెలకి మా రేడియోనే దిక్కు. ఇరవైరెండేళ్లపాటు పొద్దున్నే ఆరింటికి, ఊళ్లోవాళ్లు రాసిచ్చిన కబుర్లు వాళ్లకి ఆమే చదివేది. "హసింతో, ఎద్దు అమ్ముడైంది, ఉప్పు తెస్తున్నా, తాగి పడుకోకు వెధవా." జనం చెప్పింది చెప్పినట్టే, తిట్లతో సహా.

ఆమెకో పద్ధతి ఉండేది. మామూలు కబురు ఒకసారి. జబ్బు కబురు రెండుసార్లు. చావు కబురు మూడుసార్లు, చావన్న మాట ఎత్తకుండా. మూడోసారి వినగానే ఆ ఇంటివాళ్లు పొయ్యి ఆర్పి పడవెక్కేవాళ్లు. ఇది ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు, నదికంతా తెలుసు.

కిందటేడు రేడియో యజమాని అల్లుడు వాల్డో కంప్యూటర్లో కృత్రిమ మేధ పెట్టించాడు. కాగితం చూపిస్తే మాటలు దిద్ది, కసియానా గొంతుతోనే చదువుతుందట.

"నా గొంతు నన్నడక్కుండా తీసుకున్నావేంట్రా?" అందామె.

"రేడియోలో మాట్లాడిందంతా రేడియోదేగా అక్కా. ఇంక నువ్వు హాయిగా కూచుని కాగితాలు తీసుకో చాలు."

బటన్ నొక్కే పని నాది. మొదటిరోజే హసింతోకి పంపిన తిట్టు పోయి "మీ ఆరోగ్యం జాగ్రత్త" వచ్చింది. అత్తలూ, తాగుబోతులూ, పశువుల బేరగాళ్లూ, అందరిదీ ఒకటే పాకం. అంత శుభ్రంగా ఏ మనిషీ ఇంకో మనిషితో మాట్లాడడు. అసహ్యమేసినా జీతం తీసుకున్నాను, నొక్కాను.

ఫిబ్రవరి వానల్లో ఎగువ పల్లె పెత్రోనా కూతురు నైదా, మా ఊళ్లో ఉండి చదువుకుంటున్న పిల్ల, పాము కరిచి ఇక్కడి ఆసుపత్రిలో చనిపోయింది. కసియానా కాగితం మీద ఒకే వాక్యం మూడుసార్లు రాసింది: "పెత్రోనా, నీ బిడ్డ దగ్గరికి వెంటనే రా."

"ఇది నేను చదువుతా, మైకు గది తలుపు తియ్యి," అంది.

"రాసింది రాసినట్టే చదువుతుందిలే అక్కా," అన్నాడు వాల్డో. తలుపు తియ్యలేదు. ఆమె శవానికి స్నానం చేయించడానికి ఆసుపత్రికి వెళ్లిపోయింది.

ఒకే మాట మూడుసార్లుంటే పొరపాటనుకుంది కాబోలు, యంత్రం రెండు కొట్టేసింది. మిగిలినదానికి తేనె పూసింది. "ప్రియమైన పెత్రోనా, నీ బిడ్డ నీకోసం ఎదురుచూస్తోంది. వీలు చూసుకుని రా." గొంతు కసియానాదే. విన్నది నేను. మైకు నా చేతికందే దూరంలోనే ఉంది. వాల్డో ముఖం చూసి ఊరుకున్నాను, థూ నా బతుకు.

ఆ ఉక్కలో, వానల్లో శవాన్ని రెండు రోజులకి మించి ఉంచలేరు. పూడ్చేశారు. నాలుగో రోజు పెత్రోనా దిగింది. ఆసుపత్రిలో సంగతి తెలిసి, నేరుగా మా దగ్గరికొచ్చింది. చంకలో మూట.

"ఒక్కసారే చెప్పావు కదక్కా," అంది కసియానాతో. అరవలేదు. "దానికిష్టమని మొక్కజొన్న రొట్టెలు కాల్చుకుని, తర్వాతి పడవకొచ్చా."

వాల్డో ఫోన్ తీసి సంతాపం చదివాడు. అయిదు వాక్యాలు, అదీ యంత్రం రాసిందే. పెత్రోనా అతనివైపు చూడనైనా చూడలేదు.

"ఇకమీదట నీ గొంతు వినబడితే రేడియో కట్టేస్తా," అంది కసియానాతోనే.

అది చదివింది నేను కాదని కసియానా అనలేదు. అన్నా నమ్మేదెవరు? బటన్ నొక్కింది నేనని చెప్పాల్సినవాణ్ణి, ఆ రొట్టెల మూట చూస్తూ నిలబడ్డాను.