ఏడుగురి బండిలో నేనొక్కణ్ణి

ఆ రోజుల్లో ఒంటరిగా ఉండటాన్ని ఎలాగో భరించేవాణ్ణి గానీ, ఒంటరిగా ఉన్నానని ఇంకొకరికి తెలియడం మాత్రం మహా నామోషీగా ఉండేది. కడప నుంచి వచ్చి అనకాపల్లి దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీ ల్యాబులో కొత్తగా చేరాను. ల్యాబులో అందరూ మంచివాళ్లే, షిఫ్టు అయ్యాక ఎవరి బస్సు వాళ్లెక్కేవారు. నేను గదికొచ్చి కుక్కర్ పెట్టుకుంటుంటే అమ్మ ఫోన్ చేసేది. "స్నేహితులెవరన్నా దొరికినారా నాయనా?" అని అడిగేది. లేదంటే ఆమెకు నిద్ర పట్టదు. అందుకని ల్యాబులో ఉన్న ఆరుగురినీ నాకు ప్రాణస్నేహితుల్ని చేసేశాను. మాటలు చాలనప్పుడు పొడుగాయనకు జలుబు చేయించాను, బట్టతలాయనకు పెళ్లి కుదిర్చాను. (చిక్కేమిటంటే అమ్మ ఏదీ మరిచిపోదు. "పాపం, ఆ పొడుగబ్బాయికి జలుబు తగ్గిందా?" అని నెల తర్వాత కూడా అడిగేది. ఆ అబ్బాయి నాతో మాట్లాడింది మొత్తం రెండుసార్లు.)

చెప్పిన అబద్ధాన్ని నిజం చేద్దామని, చలికాలంలో ఒక ఆదివారం లంబసింగి, పాడేరు కొండలు చూసొద్దామన్నాను. ఆరుగురూ సరేనన్నారు. వాట్సాప్ గ్రూపు పెట్టాను, ఏడుగురు పట్టే బండి మాట్లాడాను, పొద్దున్నే లేచి ఏడుగురికీ పులిహోర కలిపాను. కలపడం పూర్తయ్యేసరికి గ్రూపులో ఒకరికి కడుపునొప్పి, ఒకరింటికి అత్తగారు, ఒకరి బైకు పంక్చరు. ఆఖరాయన కారణం వెతుక్కునే ఓపిక కూడా లేక ఒక దండం బొమ్మ పెట్టి ఊరుకున్నాడు.

బండి తెచ్చింది మా ఫ్యాక్టరీలో అందరూ మామ అని పిలిచే యాభయ్యేళ్ల డ్రైవర్. "మిగతావోల్లేరి బాబూ?" అన్నాడు. చెప్పాను. నన్నూ, నా చేతిలోని గిన్నెనూ కాసేపు చూశాడు.

"అయితే ఓ మాట, ఏటనుకోకండి. ఇరవయ్యేల్లుగా కొండెక్కుతన్నాను, మా ఆడదాన్ని ఒక్కపాలి తీసుకెల్లలేదు. దారే కదా, కశింకోటలో ఎక్కించుకుంతాను."

అలా మామ భార్య, నేను అత్త అని పిలిచిన ఆవిడ, ముందు సీట్లో కూర్చుంది, నేను వెనక ఐదు ఖాళీ సీట్ల మధ్య పులిహోర గిన్నెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. లంబసింగిలో దిగితే పొగమంచులో పక్క మనిషి కూడా కంటికి ఆనడం లేదు. "ఇదేటి, ఏటీ కనపడదు! దీన్ని సూడ్డానికా ఇంతమంది వత్తారు?" అంది అత్త. మంచు విడిచాక కాఫీ తోటల్లో నడిచాం. వాళ్లిద్దరూ ముందు, నేను వెనక. ఎర్రటి పళ్లు చూపించి మామ ఇదే కాఫీ అంటే, "మరి నల్లగా లేదేటి?" అని ఆమె దెబ్బలాటకు దిగింది. నవ్వొచ్చింది. ఆ నవ్వు పంచుకుందామని అలవాటుగా పక్కకు తిరిగితే, మిరియాల తీగ చుట్టుకున్న చెట్టొకటి నిలబడి ఉంది.

పాడేరు దాటి ఘాట్ దిగుతూ, లోయ కనిపించే మలుపులో ఆగాం. సరిగ్గా అప్పుడే అమ్మ వీడియో కాల్ చేసింది.

"యాడుండావు నాయనా? అందర్నీ చూపీ."

"అందరూ అట్లా నడుచుకుంటా పోయినారమ్మా," అని ఫోన్ కొండల వైపు తిప్పాను. "ఇదిగో, కొండ చూడు."

"కొండ ఎక్కడికి పోతాదిలే. ఆ పొడుగబ్బాయిని పిలువు."

వెనకనుంచి అత్త మొహం స్క్రీన్‌లోకి వచ్చేసింది. "ఎవలూ రాలేదమ్మా! ఒక్కడే వచ్చేడు. పొద్దున్నుంచీ మా ఎనకాలే నడుత్తన్నాడు, మాటాడ్డు. పులిహోర సేసేడు గానీ ఉప్పే ఎయ్యలేదు."

ఎదురుగా అన్ని కొండలున్నాయి, దాక్కోవడానికి ఒక్కటీ దగ్గర్లో లేదు. అమ్మ మాత్రం, "ఆ యమ్మకు ఫోనియ్యి," అంది.

అత్త పిట్టగోడ మీద కూర్చుని మాట్లాడింది. చారు, మోకాళ్ల నొప్పులు, పెళ్లైన కొత్తలో అత్తగార్లు పెట్టిన బాధలు, ఒకటేమిటి. నేను చార్జింగ్ గురించి గొణిగితే మామ నా భుజం మీద చెయ్యేశాడు. "మాటాడుకోనివ్వండి బాబూ. నాను ఎప్పుడూ బండి మీదే. ఇంటికాడ దానికి మాటాడే మనిషి లేదు."

ఫోన్ నా చేతికొచ్చాక అమ్మ ఒక్కటే అంది: "ఇంకెవురికీ జలుబు చేయించొద్దులే నాయనా." గొంతు నవ్వుతున్నట్టే ఉంది గానీ, చీర కొంగు కళ్ల దాకా వెళ్లడం చూశాను.

నేను అనకాపల్లి వదిలేసి చాలా ఏళ్లయింది. కశింకోటలో వాన పడిందీ లేనిదీ మాత్రం నాకు అమ్మ ద్వారా తెలుస్తూనే ఉంటుంది. స్నేహితుల కోసం అంత కొండెక్కింది నేను. దొరికింది మా అమ్మకు. ఇప్పుడు ఆదివారం సాయంత్రాలు నేనే ఫోన్ చేస్తాను, లైను బిజీగా ఉంటుంది. అవతల ఉన్నదెవరో తెలుసు కనుక, గిన్నె పట్టుకుని నిలబడ్డ ఆ పాతికేళ్ల కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటూ, వాళ్ల మాటలు అయ్యేదాకా కాచుకుంటాను.