దేవుడి గదిలో వంద అడుగుల ఫిలిం

కెమెరాలో వేసే ఫిలిం డబ్బా లెక్కన కూడా దొరుకుతుందన్న వార్త నాకు మొదట మోసుకొచ్చింది మా ఆడపడుచు. సేలం నుంచి వస్తూ తొప్పూరు కనుమలో లారీల వెనక ఇరుక్కుని, ఆలస్యంగా ఇల్లు చేరింది. చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టింది.

“వదినా, ఒక్కొక్క రోలు కొని దుడ్డు పారబోస్తా ఉండావు. నాకు తెలిసిన స్టూడియోవాళ్లు వంద అడుగుల డబ్బా తెప్పిస్తారంట. మనమే కత్తిరించి చుట్టుకోవాల. రెండు రోళ్ల దుడ్డుకు మూడు వస్తాయి.”

“పూలమ్మే ఆమె మాదిరి మూర వేసి కత్తిరిస్తుందా మీ వదిన?” అని మా అత్త నవ్వింది. చెవులు సరిగా వినపడవు గానీ, దుడ్డు మాట వచ్చిందంటే ఆమెకు అన్నీ వినపడతాయి.

నన్ను మా నాన్న బడికి పంపలేదు. అక్షరాలూ, లెక్కలూ, తన పాత కెమెరా పట్టుకునే తీరూ అన్నీ ఇంట్లోనే నేర్పాడు. అందుకు ఆయనకు రోజూ దణ్ణం పెట్టుకుంటాను. ఇప్పుడు మావాళ్లలో కొందరికి మళ్లీ ఫిలిం ఫోటోల మీద మోజు పుట్టింది. అలా మొదటిసారి ఒక పెళ్లి ఒప్పుకున్నాను. వాళ్లిచ్చిన అడ్వాన్సంతా ఆ డబ్బాకే పెట్టేశాను.

లెక్క బాగానే ఉంది. కానీ అందులో ఒక భయం కూడా ఉందని డబ్బా చేతికి వచ్చాకే తెలిసింది. కొన్న రోలు పాడైతే ఆ ఒక్కటే పోతుంది. డబ్బా తెరిచినప్పుడు వెలుగు గీత పడిందా, పెళ్లి మొత్తం పోతుంది. మళ్లీ కొనడానికి చేతిలో ఏమీ లేదు.

డబ్బాను కటిక చీకట్లోనే తెరవాలి. మా ఇంట్లో కిటికీ లేని గది దేవుడి గది ఒక్కటే. దానికి లోపల గడియ లేదు. దేవుడి గదికి లోపలి నుంచి గడియ పెట్టే అలవాటు మాకు లేదు.

ఆ శుక్రవారం అత్త అదియమాన్‌కోట్టై గుడికి వెళ్లింది. చీకటి పడ్డాకే వస్తానని, దీపం నన్నే పెట్టమంది. పొద్దు ఉండగానే పని ముగుస్తుందనుకుని ఇంట్లో లైట్లన్నీ ఆర్పి, ఆమె పాత నూలు చీర ఒకటి తలుపు కింద సందులో కుక్కి, లోపల కూర్చున్నాను. అత్త వేళాకోళంగా అన్నదే నిజమైంది: రోలుకు మూడున్నర మూరలు. అంచులు మాత్రమే వేళ్లకు తగిలేలా కొలవడం, కత్తిరించడం, ఖాళీ డబ్బీలోకి చుట్టడం. నాలుగు రోళ్లు అయ్యాయి. ఐదోదానికి చెమట చేతుల్లోంచి చుట్ట జారింది. ఫిలిం అంతా సర్రుమని ఒళ్లోకి విచ్చుకుంది.

దాన్ని రెండు చేతులతో అదిమి పట్టుకుని ఉండగా వీధి తలుపు చప్పుడైంది.

“ఏమే! శుక్రవారం పూట ఇల్లంతా ఈ చీకటేంది?”

అత్త గొంతు. ముందే వచ్చేసింది.

“అత్తా! తలుపు తీయొద్దు!” అని అరిచాను. అడుగులు ఆగలేదు. ఆమె చేతిలో అగ్గిపెట్టె గలగలమంటోంది. సందెవేళ దేవుడి ముందు దీపం లేకుండా ఆమె ఒక్కనాడూ ఉండలేదు. కాలు చాపితే తలుపుకు ఆనించవచ్చు. పసుపు రాసి, కుంకుమ పెట్టి, పొద్దున్నే నేను మొక్కిన తలుపు అది. కాలు లేవలేదు. “తల్లీ, నువ్వే” అనుకుని ఫిలిం మీదికి వంగిపోయాను.

బయట గడియ కదిలింది. అంతలోనే ఆగింది. ఆమె పాదానికి తన చీర తగిలినట్టుంది.

“లోపల ఆ ఫిలుము పని చేస్తా ఉండావా?”

“ఔను!”

“నాకు వినపడల్లేదే. ఔనంటే గంట కొట్టు.”

గంట దీపపు సెమ్మె పక్కన గొలుసుకు వేలాడుతుంటుంది. చేతులు ఖాళీ లేవు. మోకాళ్ల మీద జరిగి, చీకట్లో తలతో వెతికి, నుదుటితో కొట్టాను.

బయట గడియ పడిన చప్పుడైంది.

“సరే. నిదానంగా చేసుకో. సామి యాడికీ పోడు.”

తలుపుకు అవతల ఆమె కూర్చున్న చప్పుడు విన్నాను. వేళ్లతో తడుముతూ మొత్తం చుట్టి, మిగిలింది డబ్బాలో పెట్టి మూత బిగించాను. తలుపు తట్టి, గంట మళ్లీ మోగించాను. ఆమె లేచి గడియ తీసింది. అప్పటికి బాగా చీకటిపడింది. ఆమె చేతిలో అగ్గిపెట్టె, వెలిగించని వత్తి. ఎదురింటామె పలకరించడానికి వస్తే, టార్చి ఆర్పించి మరీ పంపేసిందట.

“ఇప్పుడన్నా పెట్టనిస్తావా?” అంది. ఆ దీపం ఆమె చేతే పెట్టించాను.

పెళ్లి ఫోటోలన్నీ బాగా వచ్చాయి. డబ్బా కొంటే ఎంత మిగులుతుందని నన్ను చాలామంది అడుగుతారు. రెండింటి ధరకు మూడు అని చెబుతాను. ఆ మిగులు ఎవరి వల్ల మిగిలిందో వాళ్లకు తెలియదు. అత్త ఇప్పుడు మోకాళ్ల నొప్పితో మంచం దిగలేకుండా ఉంది. మీ ఇంట్లో సందెదీపం పెట్టేటప్పుడు, నా కోసం తన దీపం ఆపుకుని చీకట్లో కూర్చున్న ఆమెను ఒక్కసారి తలుచుకోండి.