తేలిన గింజలు

కరోనా తగ్గిన మరుసటి ఎండాకాలం. ఆదోని నుంచి హాలహర్వి పోయే దారిలో బూడిదదిబ్బ తవ్వుతున్నారనీ, దొరికిన కుండపెంకులు కడిగి వాటికి చీటీలు రాసే మనిషి కావాలనీ నాకు తొలుత కబురు తెచ్చింది మరియమ్మక్క. మా వీధికి ఆకుకూరలు తెచ్చేది, అప్పటికి ఆ తవ్వకంలో కూలికి పోతోంది. నేను బడికి పోలేదు. చదవడం, రాయడం ఇంట్లో అమ్మ దగ్గరే నేర్చుకున్నాను. "నీ రాత ముత్యాల మాదిరుంటాది గదమ్మా, రా పోదాం. ఆడ నీడుంది, నీళ్లుండాయి" అంది. ఆ పిలుపు రాఘవేంద్రస్వామే పంపించాడని ఇప్పటికీ అనుకుంటాను.

మా వైపు ఆ దిబ్బను రాక్షసులను కాల్చిన బూడిద అంటారు. తవ్వకం నడిపే మేడం చెప్పింది వేరు. వేల ఏళ్ల కిందట మనుషులు అక్కడ పశువులను కట్టేసి, పేడ కుప్పబోసి కాల్చగా మిగిలిన బూడిద అట. ఆ మనుషులు గడ్డిగింజలు ఏరుకుని తిన్నారా, విత్తి పండించుకున్నారా? మేడం మూడేళ్లుగా వెతుకుతున్న జవాబు అదే. తవ్వే గుంతను ట్రెంచ్ అంటారు. నెలన్నర తవ్వినా పెంకులు, ఎముకలే. చివరికి ఒక ట్రెంచ్ అడుగున పొయ్యి బయటపడింది. దాని మట్టి ఒక్క సంచి. వానలు పడగానే దిబ్బ చదును చేసుకుంటానని ఆ పొలం రైతు ముందే చెప్పాడు.

అలాంటి మట్టికి చేసే పని ఫ్లోటేషన్. నీళ్లలో కలిపితే, మాడి బొగ్గయిన గింజలు తేలిక కనుక పైకి తేలతాయి. వాటిని పలుచని గుడ్డలోకి వంపుకోవాలి. ఇది నాకు తర్వాత తెలిసింది. ఆ ఉదయం మేడం గుడ్డ కోసం ఆదోనికి పోతూ "పొయ్యి మట్టి నానబెట్టండమ్మా, వచ్చేస్తా" అన్నారు. నానబెట్టి ఊరుకోలేకపోయాను. ఇంట్లో జొన్నలు కడిగే చేయి నాది. తేలింది తాలు, మునిగింది గింజ. తేలినదంతా వంచి, గింజలు కడిగిన నీళ్లు తొక్కరాదని వేపచెట్టు మొదట్లో పోశాను. సగం సంచి అయ్యాక మరియమ్మక్క గంపతో వచ్చింది.

"ఏం సేస్తాండావమ్మా? ఆ నల్లటివేంది?"

"తాలక్కా."

వంగి, వేలికొనకు ఒకటి అంటించుకుని చూసింది. "తాలు యాడిది తల్లీ! మాడిపోయిన ఉలవ ఇది. కరువులో మాయమ్మ సీమలపుట్టలు తవ్వి గింజలేరుతాంటే పక్కన కూసున్నదాన్ని. గింజ మాడినా గుర్తుపడతా. ఆపు, ఆపు!"

చేతులు నీళ్లలోంచి తీసేశాను.

"వంటింటి తెలివంతా ఈడ సూపించినావు" అని నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, "సెప్పకపోతే ఎవరికి తెలుస్తాది?" అంది.

"నాకు తెలుసు గదక్కా."

"అట్లయితే సెప్పు. నేనూ పక్కన నిలబడతా."

అన్నట్టే నిలబడింది. మేడం రాగానే జరిగింది చెప్పాను. చెట్టు మొదట్లోవి ఏరి తెస్తానన్నాను. ఇప్పటి మట్టి కలిసింది, ఇక పనికిరావన్నారు. "విడమరచి చెప్పకపోవడం నా తప్పు" అని, సగం ఎలా పోయిందో నోటుబుక్కులో రాసుకున్నారు. నా పేరు రాయమన్నాను. రాయలేదు. ఆ మంచితనానికి ఈనాటికీ దండం పెట్టుకుంటాను.

మిగిలిన సగం ముగ్గురం కలిసి తేల్చాం. కొన్ని నెలలకు ల్యాబ్ నుంచి జవాబు వచ్చింది. ఉలవలు, అండుకొర్రలు, వాటితోపాటు ఎవరూ విత్తని అడవి గడ్డిగింజలు, అన్నీ ఒకే పొయ్యిలో. "విత్తడం వచ్చాక కూడా ఏరుకోవడం మానలేదమ్మా వాళ్లు" అన్నారు మేడం ఫోనులో. ఏది ఎక్కువో చెప్పాలంటే మాత్రం మొత్తం సంచి ఉండాల్సిందట. ఆ సంగతి ఇక ఎవరికీ తెలియదు.

మరియమ్మక్కకు చెబితే పెద్దగా ఆశ్చర్యపోలేదు. "దానికి ల్యాబెందుకు? మేమూ అంతే గదమ్మా. ఇత్తుతాం, వాన రాకుంటే ఏరుకుంటాం."

ఆ తర్వాత మరి రెండు తవ్వకాల్లో పనిచేశాను. కొత్త మట్టి చేతికొస్తే, ఉంచాల్సింది తేలిందా మునిగిందా అని అడగందే నీళ్లు ముట్టను. మేడం రాసిన రిపోర్టులో కూలీల సాయం అని ఒక మాట ఉంది, పేర్లు లేవు. చదివే మీకు నాదొక మనవి. ఇంట్లో ఉలవలు కడిగేటప్పుడు, తేలినవి పారబోసే ముందు, మరియమ్మక్కను ఒకసారి తలుచుకోండి.